నాయన నవ్వు అతికించిన చోటు

పొద్దున్నే కాఫీ తాగి, స్నేహితుడు లింగప్ప ఇంటికి పోయి కూర్చోవడం ఓబుళేసుకు అలవాటు. ఆ రోజు చెప్పులు తొడుక్కుని గడప దాకా వెళ్లి, తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"పోలేదా?" అంది భార్య ఆంజినమ్మ.

"పోయి ఏం మాట్లాడేది? నిన్న ఎదురుపడి మొగం తిప్పుకుని పోయినాడు."

లోపల కూతురు హేమలత ఫోన్‌లో వచ్చిన మెచ్చుకోళ్లు చదువుకుంటోంది. ఉరవకొండలో డిగ్రీ చదివే ఆ పిల్ల, స్నేహితులతో కలిసి మొదటిసారి ఒక చిన్న సినిమా తీసింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని, పొలాల్లో బోరు వేస్తే నీళ్లు పడే చోటు చూపించే తండ్రి మీదే తీశారు. కెమెరా పట్టడం, మాటలు రికార్డు చేయడం, నలుగురితో గొడవపడి మళ్లీ కలిసి పనిచేయడం, అన్నీ దాంతోనే నేర్చుకుంది. ఎడిటింగ్ అయితే ఇట్టే పట్టుబడింది. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెడితే చూసేవాళ్ల గుండె ఝల్లుమంటుందో తెలిసిపోయింది. తెలిసినాక చేయి ఊరుకుంటుందా మరి!

ఓబుళేసు చూపించిన చోట లింగప్ప బోరు వేయిస్తే, నీళ్లు పడక దుమ్ము లేచింది. అతను నెత్తిన చేతులు పెట్టుకుని ఏడ్చిన ముక్క వెనకే, హేమలత తండ్రి నవ్వే ముక్క అతికించింది. కాలేజీలో చప్పట్లు మోగాయి. సినిమా ఊళ్లో అందరి ఫోన్లలోకీ ఎక్కింది.

"ఏమ్మే, మీ నాయన ఆ దినం నవ్వినాడా?" అని ఆంజినమ్మ గది వాకిట్లో నిలబడి అడిగింది.

"అది ఎడిటింగ్ మా. చోటు చూపించేవాళ్లను ప్రశ్నించినాం. నీకు అర్థం గాదులే."

"నాకేం అర్థమైతాది! ఆ దినం లింగప్పను పట్టుకుని ఏడ్చి, ఇంటికొచ్చి సంగటి గూడా ముట్టల్యా ఈ మనిషి. అది నీ సినిమాలో యాడుండాది?"

"అప్పటికి మేము కెమెరా సర్దేసినాం..." హేమలత గొంతు తగ్గింది.

ఓబుళేసు తలెత్తలేదు. "నేను నవ్వింది నిన్ను చూసి గదమ్మా. అట్ల నిలబడు, ఇట్ల నడువు అని నా బిడ్డ అందరికీ పని చెప్తాంటే సంతోషమై నవ్వితి. దాన్ని తీసుకపోయి లింగప్ప ఏడుపు పక్కన పెడితివి."

హేమలత ఏడుస్తూనే లింగప్ప ఇంటికి పరుగెత్తి, అసలు తీసిన ముక్కలన్నీ ఫోన్‌లో చూపించింది.

"తప్పు నాది పెద్దనాయనా. నాయన నవ్వింది వేరే దినం."

లింగప్ప అన్నీ చూసి ఫోన్ తిరిగిచ్చాడు. "ఓబుళేసు అట్లాంటోడు గాదని నాకు తెలుసు పాపా. తెలిసి గూడా కోపమొచ్చె. నాకే సిగ్గుగా ఉండాది."

అప్పుడే హేమలత వెంట లేచి వచ్చి ఓబుళేసు పక్కన కూర్చున్నాడు. ఆంజినమ్మ ఇద్దరికీ కాఫీ తెచ్చిచ్చింది. కాసేపటికి ఏదో పాత మాట తలచుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

సినిమా సరిచేయాలంటే ఈ ముక్కే కావాలనుకుని హేమలత గబగబా ఫోన్ ఎత్తింది. ఓబుళేసు చూశాడు. కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, నవ్వు కనబడకుండా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"తీసుకోమ్మా" అన్నాడు మెల్లగా.

హేమలత ఫోన్ దించేసి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.