ఎవరూ వేయని పంతొమ్మిది బాస్కెట్లు

"ఈ పంతొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

లీల ల్యాప్‌టాప్‌ను విక్రాంత్ వైపు తిప్పింది. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో వాళ్ల సెమినార్ ప్రజెంటేషన్‌కు ఇంకా పదిహేను నిమిషాలే ఉన్నాయి. విజయవాడలో తామిద్దరూ చదివిన ఇంజనీరింగ్ కాలేజీకి రెండు గొప్ప బాస్కెట్‌బాల్ జట్లుండేవి. 1986 నాటి జట్టుకు లీల తండ్రి జోజి కెప్టెన్. 2019 నాటి జట్టులో విక్రాంత్ ఆడాడు. ఆ రెండూ తలపడితే గెలుపెవరిదన్నదే వీళ్ల ప్రాజెక్టు. విక్రాంత్ తయారుచేసిన కంప్యూటర్ మోడల్ ప్రకారం జోజి జట్టు ఒక్క పాయింటు తేడాతో గెలుస్తుంది.

"లాంగ్ షాట్లు," అన్నాడు విక్రాంత్. "ఇప్పటి రూల్స్‌లో వాటికి మూడు పాయింట్లు కదా."

"అప్పట్లో మన కోర్టు మీద మూడు పాయింట్ల గీతే లేదు. ఏ బాస్కెట్ ఎంత దూరం నుంచి పడిందో డాడీ స్కోరుబుక్కులో ఎవరూ రాయలేదు. మరి లెక్కపెట్టిందెవరు?"

విక్రాంత్ కిటికీ వైపు చూశాడు. వాన ట్రామ్ పట్టాలను తడుపుతోంది.

"అంచనా వేశా."

"అంచనాకు ఆధారముంటుంది. చూపించు."

"సున్నా పెడితే మీవాళ్లు ఓడిపోతున్నరు. పన్నెండు పెట్టిన, అప్పుడూ ఓడిపోయిన్రు. పంతొమ్మిదికి గెలిచిన్రు. అంకుల్ ఆన్‌లైన్ల చూస్తరన్నవ్ గదా, జర ఖుష్ అయితరని..."

భయపడినప్పుడే అతని కరీంనగర్ యాస బయటికి వచ్చేది. మామూలుగా ఆమె దానికి నవ్వేది.

రెండు వారాల కిందట ఎల్బే నది ఒడ్డున అతడు పెళ్లి మాట ఎత్తాడు. ప్రజెంటేషన్ రోజున అతనికీ తన తండ్రికీ ఒకేసారి చెబుతానని ఆమె అంది. ఆ జవాబు ఔననే ఉంటుందని ఇందాకటి వరకు విక్రాంత్‌కు దాదాపు నమ్మకం.

"నన్ను ప్రేమిస్తున్నానన్నావు. అదీ నాకు నచ్చేదాకా మార్చి చూసిన అంకేనా?"

"కాదు లీలా."

"నాకెలా తెలుస్తుంది?"

ఒట్టు వేయవచ్చు. ఒట్టు ఆధారం కాదని ఇద్దరికీ తెలుసు.

"ఆ లాంగ్ షాట్ల కాలమ్ తీసెయ్యనా?"

"నన్నడక్కు. నింపినప్పుడు అడిగావా?"

సెమినార్ గది తెర మీద జోజి ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చుని ఉన్నాడు. విక్రాంత్ మొదటి స్లైడ్ దగ్గరే ఆగిపోయి ఇంగ్లీషులో చెప్పాడు: "ఈ ఫలితం చెల్లదు. ఒక కాలమ్ నేను కల్పించి నింపాను. లీలకు ఇవాళే తెలిసింది. అది తీసేస్తే మా జట్టు గెలుస్తుంది. కాని గీతే లేని కోర్టులో ఆడినవాళ్లను ఆ గీతతో కొలవటమూ సరికాదు. ఎవరు గొప్పో మా దగ్గరున్న డేటాతో చెప్పలేం."

ప్రొఫెసర్ ఎలీనా కళ్లద్దాలు తీశారు. అతనికి ఈ సెమిస్టర్ గ్రేడు ఉండదనీ, ప్రాజెక్టు మళ్లీ చేయాలనీ చెప్పారు.

తెర మీంచి తెలుగు వినబడింది. "ఏమబ్బాయ్, మా జట్టుకి ఎన్ని లాంగ్ షాట్లు రాశావు?"

"పంతొమ్మిది, అంకుల్."

"ఎవరేశారవి?"

"నేనే ఏసిన, అంకుల్."

"అంత దూరం నుంచి బంతి విసిరితే మా కోచ్ కోర్టు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించేవాడు. మేం రింగు కిందికెళ్లి వేసేవాళ్లం. మాకు దానం చెయ్యకు." జోజి కూతురి వైపు తిరిగాడు. "లీలా, ఇవాళ ఎవరి గురించో చెబుతానన్నావు. ఇతనేనా?"

గదిలో ఆ ప్రశ్న అర్థమైనవాళ్లు ఇద్దరే. విక్రాంత్ ఆమె ముఖం వైపు చూడటం లేదు. జవాబును ముందే పసిగట్టే ప్రయత్నం కూడా మానుకున్నాడు.

"ఇతనే, డాడీ."

"క్రిస్మస్‌కి తీసుకురా. ఎలా ఆడతాడో చూస్తాను."

ఎలీనా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీ నాన్నగారు డేటా గురించి అడుగుతున్నారా?"

"కాదు. నేను పెళ్లాడబోయేది ఇతన్నేనా అని అడిగారు. ఔనన్నాను."

"దేన్ని ఆధారం చేసుకుని?"

"ఇప్పుడే మీరంతా చూశారు కదా," అంది లీల.