రికార్డు మొత్తం పంపకూడదు

తణుకులో చెరకు లారీ దిగుతుండగా అబ్బులుకు రెండు తూటాలు తగిలాయి. ఒకటి గొంతులో, ఒకటి కంట్లో. రాలిన చెరకాకులు నెత్తుటిలో తడిసిపోయాయి.

“చనిపోయిన మన ఏజెంట్లలో అబ్బులు మూడోవాడు,” అన్నారు చీఫ్ తాతాజీ, రాజమండ్రి ఆఫీసులో. “ఆత్రేయపురం పూతరేకుల వెబ్‌సైట్ మన ముసుగు. ఏజెంట్ దిగే చోటు ఆర్డర్‌లా డేటాబేస్‌లోకి వెళ్తుంది. పేజీ మీద ఆర్డర్ నంబరు, పెట్టెల లెక్క తప్ప ఏమీ కనపడవు. మరి ఆ ముఠాకి ఎలా తెలుస్తోందమ్మా?”

ఏజెంట్ లోవలక్ష్మి పేజీ తెరిచి, దాని వెనకున్న సోర్స్ కోడ్ చూసింది.

“కనపడవు గానీ ఉన్నాయండి. డేటాబేస్ నుంచి రికార్డు తెచ్చేది రిపోజిటరీ క్లాస్. తెచ్చినదంతా అలాగే పేజీకి అప్పజెప్పారు. పేజీ రెండు ముక్కలు చూపించి మిగతాది దాచింది. సోర్స్ తెరిస్తే అసలు పేరు, దిగే చోటు, అన్నీ ఇక్కడే.”

“ఆ కోడ్ రాసింది మన ప్రోగ్రామర్ హారతి. పొరపాటంటావా?”

“ఆవిణ్నే అడుగుదామండి.”

“సాయంత్రం మన ఏజెంట్ ఉదయ్‌కుమార్ పడవలో మొగల్తూరు వస్తున్నాడు. సముద్రంలో సిగ్నల్ లేదు. ఒడ్డు దగ్గరపడగానే అతని ఫోనే ఆర్డర్ పెట్టేస్తుంది. మన కమాండోలు అక్కడ పాత ఐస్ ఫ్యాక్టరీలో ఉన్నారు, కానీ ఒడ్డంతా కాయలేరు. కోడ్ మార్చాలంటే ఆత్రేయపురంలో పూతరేకులు చేసే షెడ్డులోని సిస్టమ్ మీదే మార్చాలి.”

షెడ్డులో బోర్లించిన కుండ కింద మంట మండుతోంది. పొగకు ముఖాన చెంగు కప్పుకున్న ఒక మనిషి రేకు తీసి, పంచదార చల్లి మడిచింది. రేకు పొడిపొడి అయింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. తడిగుడ్డ అద్దకుండా రేకు మడిచేవాళ్లు ఈ ఊళ్లో ఉండరు.

“తడి అద్దడం మర్చిపోయారు, హారతి గారూ.”

చెంగు జారింది. లిప్‌స్టిక్ నవ్వు, సైలెన్సర్ పిస్టల్ ఒకేసారి బయటపడ్డాయి.

“నీకు వంటలు కూడా వచ్చా, లక్ష్మీ?”

తూటా లోవలక్ష్మి భుజంలోంచి దూసుకుపోయింది. ఆమె కుండను తన్నింది. కాలుతున్న కుండ హారతి రొమ్ము మీద పగిలింది. కేక వేస్తూనే హారతి పెంకు అందుకుని ఆమె చెంప చీల్చింది. లోవలక్ష్మి ఆ మణికట్టు పట్టి, ఎముక విరిగేదాకా మెలితిప్పి, నిప్పుల్లోకి నొక్కింది.

“ఆలస్యమైందే,” పళ్లు బిగించి నవ్వింది హారతి. “ఆర్డర్ వచ్చేసింది. మావాళ్లు నలుగురూ మొగల్తూరులోనే ఉన్నారు. పేజీ తెరవడమే తరువాయి.”

లోవలక్ష్మి ఆమెను స్తంభానికి కట్టేసి సిస్టమ్ దగ్గరికి పరిగెత్తింది. ఉదయ్‌కుమార్ రికార్డు వచ్చేసి ఉంది. నెత్తుటి వేళ్లతో చిన్న క్లాస్ రాసింది. రిపోజిటరీ తెచ్చిన దాంట్లోంచి రెండే పేజీకి వెళ్లాలి: నంబరు, పెట్టెల లెక్క. ఒక్క క్షణం ఆగింది. ఇదివరకు మిగతా వివరాలు దాగిన సోర్స్‌లో, ‘దిగే చోటు’ అని తనే టైప్ చేసింది: పాత ఐస్ ఫ్యాక్టరీ.

సేవ్ కొట్టిన మరుక్షణమే పేజీని ఎవరో తెరిచారు.

ఆమె కమాండోలకు ఫోన్ చేసింది. “నలుగురు వస్తున్నారండి. కాస్త మర్యాద చేయండి.”

కాసేపటికి ఫోన్లో తుపాకులు మోగాయి. తర్వాత ఆఫీసు నుంచి తాతాజీ ఫోన్ చేశారు.

“ముఠావాళ్లు నలుగురూ చచ్చారు. ఉదయ్ క్షేమం. ఇంతకీ పేజీకి ఏం పంపావమ్మా?”

“చూపించాల్సినంతేనండి. పైన ఒక్క అబద్ధం.”

“మరి ఉదయ్ పేరున వచ్చిన పూతరేకుల ఆర్డరు?”

లోవలక్ష్మి నేలంతా చెదిరిన రేకుల పొడి వైపు చూసింది.

“రెండు పెట్టెలండి. చెంచాతో తింటాడేమో అడగండి.”