ఎత్తితేనే లెక్క

తమిళనాడు ధర్మపురిలో కలెక్టరాఫీసు దాటినాక మూడంతస్తుల మేడ ఒకటి ఉంది. అది ఫోను కంపెనీ ఇంజనీరింగ్ సెంటరు. ఆరేళ్ళుగా అక్కడ ఊడ్చి తుడిచే పని నాది. సిమ్ కార్డులు అమ్మే కొట్టు కాదది. ఏ ఊరి టవరు నడవాల, ఏది ఆపాల, ఎక్కడ కొత్తది పెట్టాల అని తేల్చే చోటు. లోపల ఎప్పుడూ చలి. మిషన్లు గుయ్యిమంటా ఉంటాయి. వేడెక్కిన వైర్ల వాసన, నా ఫినాయిలు వాసన కలిసిపోయి ఉంటాయి. గోడంత తెర మీద ఒక్కో టవరుకు ఒక్కో పచ్చ చుక్క.

అన్నిటికీ పెద్ద జయరామ సారు. ఇంట్లో మా మాదిరే తెలుగు మాట్లాడే మనిషి, మామిడి తోటలున్న కుటుంబం. ఆయన వచ్చినాకే కంపెనీకి లాభం వచ్చిందని బెంగళూరు నుంచి పెద్దవాళ్ళు వచ్చి శాలువా కప్పి పోయినారు. ఆయన చేసింది ఇంతే. టవరు తినే కరెంటు, డీజిలు, నేల బాడుగ ఒక పక్క. ఆ ఊరి జనం మాట్లాడే మాటలు ఇంకో పక్క. మాటలు తక్కువైతే పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఆ టవరును నిద్రపుచ్చేది. తెర మీద చుక్క బూడిద రంగుకు మారుతుంది.

ఒక సోమవారం ఆ నిద్రపుచ్చే టవర్ల వరసలో నా కూతురు ఇలక్కియా ఊరి పేరు విన్నాను.

పెన్నాగరం దాటి, గుట్ట కింద ముప్పై ఇళ్ళు. ఆ ఒక్క టవరే. ఇలక్కియాకు అప్పుడు ఎనిమిదో నెల. కాళ్ళు వాచినాయి, బీపీ ఎక్కువ. తల తిరిగితే ఆ నిమిషమే నూట ఎనిమిదికి ఫోను చేయమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడు బెంగళూరులో సెంట్రింగ్ పని. ఇంట్లో తోడు అత్త మునియక్క ఒక్కతే.

నాకు నోరు తక్కువ. రెండు రోజులు సారు టేబులు చుట్టూ తుడిచిన చోటే తుడిచినాను. మూడో రోజు అడిగేసినాను.

"సారూ... ఆ గుట్ట టవరు... నా బిడ్డకు ఎనిమిదో నెల సారూ."

"అయితే టవరుకు సీమంతం చేయాలా ఇంద్రాణీ?"

అందరూ నవ్వినారు. ఆయన కుర్చీ నా వైపు తిప్పినాడు.

"నేనెక్కడ ఆపుతున్నాను? మిషన్ ఆపుతుంది. మీవాళ్ళను ఫోన్లు బాగా వాడమను. ఇంకో నాలుగు రోజులు చూస్తాను. సరేనా?"

ఆ పూట ఆయన నాకు దేవుడి మాదిరి కనిపించినాడు.

మా జనం ఫోను ఎత్తి మాట్లాడేది తక్కువ. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే బస్సెక్కినాను అని. రెండు రింగులైతే దిగినాను అని. అందుకని ఇలక్కియాకు అదే చెప్పినాను, ఊరంతా ఒకరికొకరు రింగులు ఇచ్చుకుంటా ఉండండి అని. నాలుగు రోజులు చెనక్కాయ చేన్లలో, మేకల వెనక, పొయ్యి పక్కన, అన్ని ఫోన్లూ మోగినాయి.

"అమ్మా, మా అత్త పక్కనే కూర్చొని నాకు రింగు కొడుతుంది. ఏంది అత్తా అంటే, టవరు కోసమే అంటుంది!" అని ఒకటే నవ్వింది.

ఆఫీసులో కూడా తెర చూసి నవ్వుకున్నారు. మంచి జరుగుతుందని నవ్వుతున్నారు అనుకున్నాను.

ఐదో రోజు పదకొండుకు కొంచెం ముందు, కొత్తగా చేరిన ఇంజనీరు పిల్ల వెన్నిల నీళ్ళ బిందె దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"అక్కా, కట్ చేసిన ఫోను లెక్కలోకి రాదక్కా. ఎత్తి మాట్లాడాల. ఎత్తితేనే లెక్క. నీకు చెప్పేస్తామంటే సారు ఒప్పుకోలేదు. చెప్తే ఆట ఏముంది అన్నాడు."

నడుములో ఫోను తీసినాను. సారు చూసేసినాడు.

"డ్యూటీలో ఫోనా? పో, టెస్టు గది తుడువు. అక్కడ నీ ఫోను గొడవ ఏమీ ఉండదు."

టెస్టు గది అంటే ఇనుప పెట్టె లాంటి గది. గోడల నిండా నల్ల స్పాంజి మొనలు. కొత్త ఫోన్లను పరీక్ష చేసేది. బయట సిగ్నలు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. నేను చీపురుతో లోపలికి పోయినాను. వెనక తలుపు ధడ్‌మంది. తర్వాత లైటు పోయింది.

స్విచ్చి బయటే ఉంటుంది.

అరిచినాను. ఆ గదిలో అరుపు నోటి దగ్గరే చచ్చిపోతుంది. స్పాంజి వాసన, నా చెమట వాసన. చెవుల్లో నా రక్తం కొట్టుకునే శబ్దం. ఫోను వెలుగులో చూసినాను. సిగ్నలు గీత ఒక్కటీ లేదు. ఎంతసేపు తలుపు కొట్టినానో...

ఫోను మోగింది.

ఒక రింగు. ఆగింది.

ఇలక్కియా పేరు. గీతలు లేవు.

మళ్ళీ మోగింది. రెండు రింగులు. ఆగింది.

మూడోసారి ఆగలేదు... ఎత్తినాను.

"అమ్మా... కట్ చేయొద్దు."

"ఎట్లుందమ్మా? మీ అత్త యాడ?"

"గుట్ట ఎక్కింది... సిగ్నలు కోసం. ఇక్కడ చీకటమ్మా. నీ గదిలో మాదిరే."

గది సంగతి నేను చెప్పలేదు.

"మాట్లాడమ్మా. ఎత్తి మాట్లాడితే ఆపరు కదా..."

మాట్లాడినాను. నోటికి వచ్చిందంతా మాట్లాడినాను. ఆపితే చాలు, అవతల ఊపిరి గురగురమంటా బిగుసుకునేది.

రెండున్నరకు తలుపు తెరిచినారు. వెన్నిల ఏడుస్తా ఉంది. మునియక్క గుట్ట ఎక్కి, అవతల దిగి, సిగ్నలు దొరికినాక నూట ఎనిమిదికి ఫోను చేసింది. బండి పోయేసరికి అంతా అయిపోయింది. ఫిట్సు వచ్చి నా బిడ్డ పన్నెండుకే పోయిందంట. కడుపులో బిడ్డ కడుపులోనే.

నాకు ఫోను వచ్చింది పన్నెండు పదికి. అది ఇంకా నా చేతిలో నడుస్తానే ఉంది.

సారు తెర చూస్తున్నాడు. గుట్ట టవరు బూడిద చుక్క దానంతట అదే పచ్చగా మారింది. ఆపమని మీటలు నొక్కినాడు. ఆగలేదు. కాసేపు చూసి నవ్వినాడు.

"చూసినావా ఇంద్రాణీ, నువ్వడిగినట్టే టవరు ఆపలేదు."

నా బిడ్డ శవం అప్పటికి ఇంకా ఆసుపత్రి బండిలోనే ఉంది.

నేను ఆ ఫోను కట్ చేయలేదు. మట్టి వేసేటప్పుడూ రవికలోనే ఉంది. మూడు నెలలు అయింది. నోరు తక్కువ అనిపించుకున్న నేను ఊడుస్తా, తుడుస్తా, బస్సులో, పడకలో, మాట్లాడుతానే ఉన్నాను. ఆ టవరు ఇప్పుడు జిల్లాలోనే మొదటి వరస అంట. సారుకు ఇంకో శాలువా వచ్చింది. నన్ను చూస్తే, "గొంతు ఎండనీయొద్దు, వేన్నీళ్ళు తాగు" అంటాడు.

నిన్న మధ్యాహ్నం వెన్నిల పిలిచింది.

"అక్కా, ఆ లైన్లో మీరిద్దరే కదా?"

"అవునమ్మా."

"మూడు నెంబర్లు చూపిస్తుందక్కా. మొన్న మంగళవారం చేరింది మూడోది. మాట్లాడదు. వింటా ఉంటుంది."

"ఎవరిదమ్మా అది?"

"కంపెనీ ఇంకా ఎవరికీ అమ్మలేదక్కా ఆ నెంబరు."

ఫోను చెవికి గట్టిగా పెట్టుకున్నాను. ఇలక్కియా చాలా మెల్లగా అంది.

"అమ్మా... బిడ్డ నా ఒళ్ళో నుంచి ఇప్పుడే దిగిపోయింది."

వెన్నిల నా చేయి పట్టుకుంది. తెర మీద ఆ నెంబరు గుట్ట చుక్కను వదిలింది. పెన్నాగరం చుక్క... ఇండూరు చుక్క... గంట సేపటి బస్సు దారి. మేము నాలుగు సార్లు ఊపిరి తీసుకునేలోపల...

మా మేడ చుక్క దగ్గర ఆగింది.