ఆ ఇసుక నేను పారేయలేదు

దెయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, ఆయనకి మధ్యాహ్నం కునుకు అలవాటై ఉంటుంది. నాకు జరిగిందంతా పట్టపగలే. మూడు గంటలకి, ఫెళ్ళుమనే ఎండలో, చేతిలో టీ గ్లాసుతో.

ముందు నా సంగతి చెప్పనివ్వండి. ముప్పై ఏళ్ళు పంపులూ మోటార్ల దుకాణంలో పనిచేశాను. చదువు ఎనిమిదితో ఆగిపోయింది గానీ, మోటారు గొంతు వింటే దాని రోగమేమిటో చెప్పేస్తాను. అందుకే మా మేనకోడలు వాళ్ళు వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉన్న పాత ఇల్లు కొన్నప్పుడు, "మావయ్యా, ఫిల్టర్ సంగతి నువ్వే చూడాలి" అంది. ఆ పిల్ల అడిగింది ఒక్క మాటే. నేను పెట్టె సర్దుకుని దిగిపోయాను.

సరదాకి కావాలనుకున్న పూల్ కాదండీ అది. వాళ్ళమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి అందరం పిచ్చుక అంటాం. మెట్ల మీంచి పడి ఎడమ కాలు విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ కాలు పుల్లలా సన్నబడి, ఈడ్చి నడిచేది. "రోజూ నీళ్ళలో వంద తన్నులు తన్నించండి. రెండు నెలల్లో కండ పట్టకపోతే కోసి రాడ్డు వెయ్యాల్సొస్తుంది" అన్నాడు ఎముకల డాక్టరు. ఆ 'కోసి' అన్న మాట దగ్గరే మా మేనకోడలు నవ్వడం మానేసింది.

దిగిన రోజే పూల్ దగ్గరికెళ్ళి చూశాను. నీళ్ళ మీద పచ్చటి తెట్టు, చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. కర్రతో కదిపితే అది చిరగలేదు, సాగింది. వాసనా? నాలుగు రోజులు కట్టు విప్పని పుండు వాసన.

ఫిల్టర్లమ్మే అతను వచ్చి, మూడు రకాలున్నాయన్నాడు. మొదటిది ఇసుక ఫిల్టర్. పెద్ద డ్రమ్ము నిండా ఇసుక, దాంట్లోంచి నీళ్ళు దిగితే మురికి ఇసుకలో ఆగిపోతుంది. వారానికోసారి నీళ్ళని వెనక్కి తిప్పి కొడితే మురికి బయటికి పోతుంది. రెండోది కాట్రిడ్జ్. మడతలు మడతల గుడ్డ గొట్టం, తీసి పైపుతో కడుక్కోవడమే. మూడోది పొడి ఫిల్టర్. అన్నిటికంటే సన్నగా వడగడుతుంది గానీ కడిగినప్పుడల్లా కొత్త పొడి పొయ్యాలి.

"కాట్రిడ్జే మంచిది మావయ్యగారూ, ఇసుక వదిలేసే సన్న మురికిని కూడా పట్టేస్తుంది. చదివాను" అన్నాడు మా అల్లుడు.

"నువ్వు చదివావు నాయనా, నేను కడిగాను. రోజూ ఆ మడతలు ఎవరు తోముతారు, నువ్వా? తిన్న కంచం తియ్యవు!"

"మీ ఇద్దరి పంతాలూ తరవాత" అంది మేనకోడలు. "నా పిల్ల నోట్లోకి పోయినా జబ్బు చెయ్యని నీళ్ళు కావాలి. అంతే."

ఫిల్టర్ల అతను మోటారు గదిలో ఉన్న పాత ఇసుక డ్రమ్ము మీద తట్టి చూశాడు. "డ్రమ్ము గట్టిగానే ఉంది సార్. ఇసుక మాత్రం తీసేసి కొత్తది పోయించండి. ఐదారేళ్ళకోసారి మార్చాలి. ఇది ఇరవై ఏళ్ళ నాటిదిలా ఉంది."

"ఇసుక అరుగుతుందా, పులుస్తుందా? కడిగితే సరి!" అన్నాను నేను. నా జోకుకి నేనే నవ్వాను. అక్కడే చేశాను తప్పు. సరుకు పారేయాలంటే నాకు ప్రాణం పోయినంత పని. దుకాణంలో వంగిన మేకులు కూడా తిన్నగా కొట్టి దాచేవాణ్ణి.

మర్నాడు పూల్లో నీళ్ళు మార్చాం. మోటారు ముందు ఒక జల్లెడ బుట్ట ఉంటుంది, ఆకులూ అవీ దాంట్లో ఆగుతాయి. దాని మూత విప్పాను. లోపల ఆకుల్లేవు. జుట్టు. తెల్లగా, జిడ్డోడుతూ, గుప్పెడు జుట్టు. వేలికి తగలగానే చల్లగా జారింది, చీమిడిలాగా. పుల్లతో బయటికి లాగాను. లాగుతున్నాను, లాగుతున్నాను, వస్తూనే ఉంది. మూరెడు వచ్చాక చూద్దును కదా, అది జడ. మూడు పాయలు, మెలిక తప్పకుండా అల్లిన జడ. నీళ్ళ తోపుడికి జుట్టు చిక్కు పడుతుంది గానీ, అల్లుకుంటుందా అండీ?

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కవర్లో కట్టి చెత్తలో పడేశాను.

తరవాత వాల్వు తిప్పి నీళ్ళు వెనక్కి కొట్టాను. మురికినీళ్ళ గొట్టం చివర నిలబడి చూస్తున్నా. ముందు టీ రంగు నీళ్ళు వచ్చాయి. తరవాత చీము రంగు. ఆ తరవాత చిన్నచిన్న తెల్లటి రేకులు, ఎండకి ఒళ్ళు పొట్టు రేగితే ఊడొచ్చే పొరల్లాంటివి, కుప్పలు కుప్పలుగా. వాటి మధ్యలో గోళ్ళు. కత్తిరించినవి కాదు. నాని, కుదుళ్ళతో సహా ఊడొచ్చినవి. పొద్దున తిన్నదంతా అక్కడే వదిలేశాను.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి చూసి, "అన్నయ్యగారూ, ఒంట్లో బాలేదా?" అంది. గొట్టంలోంచి ఏమొచ్చిందో చెబితే ఆవిడ మొహం అదోలా అయింది.

"ఇదివరకు ఒక పెద్దావిడ ఉండేదండీ, ఒక్కర్తే. రోజూ మూడింటికి దిగేది. వంద లెక్కపెట్టుకుంటూ ఈదేది, మా వంటింట్లోకి వినిపించేది. ఆ ఫిల్టర్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. 'నాదేదీ బయటికి పోకూడదు' అనేది."

"తరవాత?"

"ఒకరోజు ఆవిడ నీళ్ళలోకి దిగడం చూశాను." టీచరమ్మ గొంతు తగ్గించింది. "పైకి రావడం చూడలేదు. వెతికిన వాళ్ళకి చెప్పులే దొరికాయి."

నేను నవ్వేశాను. ఆరుసార్లు కడిగాను ఆ ఇసుకని. మూడో రోజుకి నీళ్ళు అద్దంలా అయిపోయాయి. అడుగున టైలు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. "చూశావా అల్లుడూ!" అని మీసం తిప్పాను. మీసం లేదనుకోండి, ఉన్నట్టు తిప్పాను.

పిచ్చుక దిగింది. గట్టు పట్టుకుని తన్నడం దాని పని, లెక్కపెట్టడం నా పని. మొదటి వారం బాగానే జరిగింది. ఎనిమిదో రోజు, నేను ఏదో పాత మోటారు కథ చెబుతూ ముప్పై దగ్గర లెక్క మర్చిపోయాను.

"ముప్పై ఏడు తాతయ్యా" అంది పిచ్చుక.

"నువ్వు లెక్కపెట్టుకుంటున్నావా, గడుగ్గాయీ?"

"నేను కాదు. అవ్వ. నువ్వు కబుర్లలో పడి మర్చిపోతావు. అవ్వ మర్చిపోదు."

"ఏ అవ్వ?"

అది చెయ్యి చూపించింది. నీళ్ళ కింద, గోడలో, వడగట్టిన నీళ్ళు పూల్లోకి తిరిగొచ్చే కన్నం వైపు.

ఎండ నెత్తిన మాడుతోంది. గ్లాసు కింద పెట్టి, గట్టు మీద బోర్లా పడుకుని, చెవి నీళ్ళలో పెట్టాను. మోటారు గొంతు వినిపించింది. నాకు తెలిసిన గొంతే... దాని కింద ఇంకోటి. నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు...

"తొంభై ఏడు... తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..."

ఆగిపోయింది.

"వంద చెప్పదు తాతయ్యా" అంది పిచ్చుక గుసగుసగా. "లోపలికొస్తే చెబుతానంది."

దాన్ని రెక్క పుచ్చుకుని బయటికి లాగాను. మోటారు ఆపేశాను. ఆగాక కూడా డ్రమ్ము మీది ప్రెషర్ మీటరు ముల్లు కిందికి రాలేదు. కాస్త లేస్తోంది, కాస్త దిగుతోంది. లేస్తోంది... దిగుతోంది... నిద్రపోయే మనిషి పొట్టలాగ.

మూత విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. ఆరుసార్లు కడిగిన ఇసుక అండీ! పైనంతా జిగురు. వేలు పెడితే గోరువెచ్చగా ఉంది. ఇసుక ముద్దలు ముద్దలుగా కట్టి, ముద్దకీ ముద్దకీ మధ్య తెల్ల వెంట్రుకలు నరాల్లా పాకాయి. నడిమధ్యలో ఒక గుంట. మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని మనిషి ముడుచుకు పడుకుంటే ఎంత చోటు కావాలో, అంత గుంట.

ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రమే అల్లుడి చెయ్యి పట్టుకున్నాను. "నీ మాటే నిజం నాయనా. కాట్రిడ్జే పెడదాం." ఎందుకో చెప్పలేదు. ఇసుక పాడైందన్నాను, అంతే. రెండోరోజుకి డ్రమ్ము పాతసామాను బండెక్కింది, కొత్త ఫిల్టర్ వచ్చింది. నీళ్ళన్నీ తోడేసి, పూల్ రుద్దించి, కొత్త నీళ్ళు పట్టాం. రోజూ చెవి పెట్టి విన్నాను. మోటారు గొంతు ఒక్కటే. మడతల గుడ్డ నేనే తోమాను. ఆకు తప్ప ఏమీ లేదు. పిచ్చుక కాలు కూడా రోజురోజుకీ నిండుతూ వచ్చింది. మా మేనకోడలు ఇన్నాళ్ళకి మళ్ళీ నవ్వింది. "మావయ్యా, నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి" అంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పేస్తాను. ఆ ఇసుక ఏం చేశావని ఎవరూ అడగలేదు కాబట్టి అప్పుడు చెప్పలేదు.

ఆ వారమే మేస్త్రీ వచ్చి పిచ్చుక గదిలో చెమ్మ పట్టిన గోడకి పాత పూత కొట్టేసి కొత్తది పూస్తున్నాడు. నేను డ్రమ్ము ఖాళీ చేస్తుంటే వచ్చి, "పెద్దాయనా, నాకు ఇసుక చాల్లేదు. ఇది పారేస్తారా?" అన్నాడు. నా నోరు పడిపోను. పారేయడం అన్న మాట వినగానే నా బుద్ధి నాది కాకుండా పోయింది. అంత చూసినవాణ్ణి, ఎండలో ఆరబెడితే పురుగైనా చస్తుంది కదా అనుకున్నాను. సిమెంటులో కలిస్తే ఇంకేముంటుంది అనుకున్నాను. "బాగా ఎండబెట్టి వాడుకో" అన్నాను.

నెలన్నర గడిచింది. డాక్టరు కాలు పట్టి చూసి, "రాడ్డూ వద్దు, ఏమీ వద్దు. రెండో కాలికంటే ఇదే గట్టిగా ఉంది!" అన్నాడు. తరవాత పాదం తిప్పి చూసి, "ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చావా?" అని అడిగాడు. పిచ్చుక రెండు రోజులుగా నీళ్ళలో దిగలేదు. ఎడమ అరికాలు మాత్రం తెల్లగా నాని, ముడతలు పడి ఉంది.

ఆ మధ్యాహ్నం టీ గ్లాసుతో దాని గది ముందు నుంచి వెళ్తున్నాను. మూడయింది. పిచ్చుక మంచం మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ కొత్త గోడకి ఆనించి తంతోంది. తప్... తప్... తప్... పెదాలు మూసే ఉన్నాయి.

"తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..."

గోడలోంచి.

"వంద."

పిచ్చుక నా వైపు తిరిగి నవ్వింది. "ఇక్కడైతే వంద కూడా చెబుతుంది తాతయ్యా."

గోడ మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా, కొంచెం జిడ్డుగా ఉంది. రంగు కింద సన్నటి తెల్లటి గీతలు పాకి ఉన్నాయి. పగుళ్ళనుకున్నాను. గోటితో గీరితే ఒకటి పైకి లేచింది. వెంట్రుక. రెండు కొసలూ గోడలోనే ఉన్నాయి.

ఇక దాచలేకపోయాను. మా మేనకోడలి ముందు కూర్చుని జడ దగ్గర్నుంచి మొత్తం కక్కేశాను. అది తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ గోడ ఇవాళే కొట్టించెయ్" అంది.

మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టుకొచ్చాడు. పిచ్చుకని హాల్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చోబెట్టాం. "నేను చేసిన పూత నేనే పగలగొట్టడం ఇదే మొదటిసారి పెద్దాయనా" అని నవ్వుతూ మేస్త్రీ ఉలి ఆనించి, ఒక్క దెబ్బ వేశాడు.

హాల్లోంచి కేక. "అమ్మా! నా కాలు!"

పరుగెత్తాం. ఎడమ కాలు రెండు చేతులతో పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. కాలి మీద గీత కూడా లేదు. మేస్త్రీ సుత్తి అక్కడే వదిలేసి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు.

రెండో దెబ్బ వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి?

పిచ్చుక ఇప్పుడు చక్కగా నడుస్తోంది. పరుగెడుతోంది. వేరే గదిలో పడుకోబెడితే పొద్దుటికి కాలు సన్నబడుతోంది, ఈడుస్తోంది. అందుకని మా మేనకోడలే రోజూ మూడింటికి దాన్ని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు దగ్గర మొహం అటు తిప్పుకుని నిలబడుతుంది.

నిన్న నేను ఆ ఉలి దెబ్బ పడ్డ చోటు చూశాను. గుంట పూడిపోయింది. సిమెంటుతో కాదు. ఎర్రగా, గరుగ్గా, అంచులు కొద్దిగా లేచి... దెబ్బ మీద పొక్కు కట్టినట్టు. నా గోరు దానంతటదే అక్కడికి పోయింది. పాడు అలవాటు.

వెనకనుంచి పిచ్చుక గుసగుసగా అంది.

"గోకకు తాతయ్యా... మానుతోంది."