అత్తయ్యతో సముద్రానికి

పెట్టెలన్నీ సర్ది గుమ్మం దగ్గర పెట్టాక ఆడపడుచు ఫోన్ చేసింది. నడుం పట్టేసిందట... అమ్మని చూసుకోవడానికి రాలేనంది.

మేష్టారు ఫోన్ పెట్టేసి, భార్య వైపు చూడకుండానే, "మరైతే నువ్వుండిపో. గదులు తీసేసుకున్నాం కదా, చిన్నది ఆశపడుతోంది. నేనూ అదీ వెళ్ళొస్తాం," అన్నాడు. ఆ తువ్వాలు ఇటివ్వు అన్నంత మామూలుగా అన్నాడు.

ఆమెకి కోపం రాలేదు. కోపం వచ్చే చోట ఏదో నీరసం వచ్చి కూర్చుని చాలాకాలమైంది. కర్టెన్లు కుట్టే దుకాణంలో ఆమె పని. సముద్రాన్ని ఆ గుడ్డల మీద అచ్చువేసిన అలల్లో చూడటమే తప్ప ఎదురుగా చూసింది లేదు. అత్తగారికి పక్షవాతం వచ్చాక దుకాణం, ఇల్లు, ఆవిడ మంచం... అంతే లోకం. పెద్దావిడకి కుడివైపు పడిపోయింది. మాట ఉంది గానీ ఒకటనబోతే ఇంకోటి వస్తుంది. మంచినీళ్ళు కావాలంటే 'గొడుగు' అంటుంది, కిటికీ తెరవమనడానికి 'ఉల్లిపాయ' అంటుంది. ఆ భాష ఇంట్లో కోడలికి ఒక్కదానికే తెలుసు.

అలాగేనండీ అనడానికే నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

"అత్తయ్యని కూడా తీసుకెళ్దాం."

"ఆ చక్రాల కుర్చీతోనా? మతుండే మాట్లాడుతున్నావా?"

"వెళ్తే నలుగురం వెళ్దాం. లేకపోతే మీరుండండి, నేనూ చిన్నదీ వెళ్తాం." అన్నాక మాట వెనక్కి తీసుకోలేదు.

వాళ్ళు వెళ్ళాల్సిన తీరంలో పాత రేవుపట్నం శిథిలాలున్నాయి. బళ్ళో చరిత్ర చెప్పే మేష్టారు ఏటా వాటి గురించి పిల్లలకి చెప్తాడు, కళ్ళతో చూసింది లేదు. ప్రయాణం మానుకోలేక, గొణుక్కుంటూనే కుర్చీ మడిచాడు.

మర్నాడు పొద్దున ఇసకలో చక్రాలు దిగబడితే తండ్రీ కూతురూ కుర్చీని ఎత్తి అలల దగ్గరికి తెచ్చారు. అక్కణ్ణుంచి సముద్రపు గుహకి పడవలు వెళ్తాయి. పెద్దావిణ్ణి ఎక్కించడం కుదరదన్నాడు పడవవాడు.

"మీరిద్దరూ వెళ్ళిరండి, నేనుంటా," అందామె, అలవాటుగా.

పెద్దావిడ ఎడమచేత్తో కోడల్ని పడవ వైపు నెట్టింది. "బీరువా... బీరువా," అంది గట్టిగా.

"నానమ్మ ఏమంటోందమ్మా?" అనడిగింది చిన్నది.

"నన్ను వెళ్ళమంటోంది..." ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"నీకెలా తెలుసు?" అన్నాడు మేష్టారు. తల్లి ఆయన మోకాలి మీద ఒక్కటేసి, పక్కన ఇసక చూపించింది. ఆయన కూర్చున్నాడు.

గుహ కప్పులో ఓ కంత. అందులోంచి ఎండ పడి నీళ్ళు లోపలినుంచి వెలిగించినట్టున్నాయి. ఆమెకి మాత్రం అత్తగారు గొడుగంటే ఆయనకి తెలీదే అన్న దిగులు. "అమ్మా, కిందకి చూడు," అని కూతురు చెయ్యి పట్టుకుంది. చూసింది. అలా చూస్తూ కాసేపు అన్నీ మరిచిపోయింది.

తిరిగొచ్చేసరికి పెద్దావిడకి రెండు పక్కలా రెండు గొడుగులు పాతి ఉన్నాయి. మేష్టారి చొక్కా తల్లి నడుముకి చుట్టి ఉంది. ఆవిడ ముఖం ఏడ్చి ఉబ్బింది.

"గొడుగు గొడుగు అంటే ఎండేమో అనుకుని అద్దెకి తెచ్చా. తోసేసింది. ఇంకా పెద్దది తెచ్చా. ఈలోగా... తడుపుకుంది. నాకు అర్థం కాలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది..."

ఆమె సీసా మూత తీసి అత్తగారి నోటికి అందించింది. ఆవిడ గటగటా తాగింది.

"మంచినీళ్ళా?" అన్నాడాయన, ఖాళీ అయిన సీసా వైపు చూస్తూ.

"మంచినీళ్ళే."

"రోజూ ఇలాగేనా?"

"ఇక్కడ గాలుంది కాబట్టి నయం. ఇంట్లో ఇంకాస్త కష్టం."

ఆయన తల వంచుకుని తల్లి పాదాలకంటిన ఇసక దులుపుతూ ఉండిపోయాడు. "నిన్ను ఉండిపొమ్మన్నాను కదూ..." అన్నాడు.

"అన్నారు," అంది. ఫరవాలేదులెండి అని ఎప్పుడూ అనేది. ఈసారి అనాలనిపించలేదు.

సాయంత్రం ఆయన అక్కకి ఫోన్ చేశాడు. "నడుం తగ్గాక చెప్పక్కా. అమ్మని మనిద్దరం వంతులేసుకుని చూద్దాం. తను ఒక్కత్తే ఎంతకని చేస్తుంది?" అటునుంచి ఏవో సణుగుళ్ళు వినిపించాయి. ఆయన మాట మార్చుకోలేదు.

తర్వాతి రోజు శిథిలాల దగ్గర రాతిమెట్లు ఎదురయ్యాయి. మేష్టారు తల్లిని వీపున ఎక్కించుకుని, ఆగి ఆగి, రొప్పుతూ ఎక్కాడు. పైన ఓ గోడ నీడలో కూర్చోబెడితే ఆవిడ కునికింది. చిన్నది పక్కన చేరి విసురుతోంది.

"ఆ చివర పాత రేవు ఉంటుంది. మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. చూసిరా, నేనిక్కడుంటా," అన్నాడాయన.

"ఏటా మీరు చెప్పే చోటు కదండీ. ముందు మీరు వెళ్ళండి."

"నేను తర్వాత చూస్తాలే. నువ్వెళ్ళు."

కప్పుల్లేని గదుల మధ్య నుంచి ఒక్కత్తే నడిచింది. రేవు చివరి మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుపు దానంతటదే తగ్గాక కూడా లేవాలనిపించలేదు. అలలు వచ్చి పిక్కలదాకా తడిపి వెళ్తున్నాయి. చీలమండ పక్కన ఓ చిన్న పీత బుడిబుడి నడకతో మెట్టెక్కుతుంటే, అదెక్కడిదాకా వెళ్తుందోనని తీరిగ్గా చూస్తూ కూర్చుంది.