బొట్టు పెట్టిన మోటారు

ఆండిపట్టిలో పంపుసెట్లు బాగుచేసే భూపతి షెడ్డును అందరూ పట్టరై అనే అంటారు. అక్కడ పాతికేళ్లుగా ఒక వాడుక ఉంది. బాగైన మోటారుకు భూపతి తన చేత్తో ఎర్ర రంగు బొట్టు పెట్టందే గడప దాటనివ్వడు. ఆ బొట్టు చూస్తే రైతులకు గుండె నిబ్బరం.

ఆ పొద్దున బొట్టు పెట్టిన మోటారే ఒకటి బల్లమీద పడి ఉంది. వైగై డ్యాములో పడవ నడిపే అంతోనిది. నీళ్లలో మునిగి ప్రొపెల్లరును తిప్పే కింది గేర్ల పెట్టె పదిరోజుల కిందట అరిచి అరిచి ఆగిపోయింది. భూపతి విప్పకుండానే తేల్చేశాడు: నీళ్లలో చెట్టు మొద్దుకు తగిలింది, పెట్టె మొత్తం కొత్తది వేయాల్సిందే.

ఆయన కూతురు సరణ్య పీలమేడు కాలేజీలో మెకానికల్ డిప్లొమా చదివి వచ్చింది. పట్టరైలో ఆమెకు దక్కిన ఉద్యోగం మాత్రం ఫోను ఎత్తడం. తండ్రి కాఫీ ముగించేలోపు ఆమె స్పానరు పట్టి ఆ పెట్టె విప్పేసింది.

"నైనా, లోపల ఆయిల్ లేదు. అంతా గ్రీజు ఉండాది."

"ఉంటే ఏమి? దీపావళికి నేనే దట్టించినాను, నీళ్లు చొరకుండా. పంపు బేరింగులకి ముప్పై ఏండ్లుగా అదే కదా పెట్టేది."

"ఇది పంపు కాదు నైనా. గేర్లు ఆయిల్లో మునిగి తిరగాల. గ్రీజు పక్కకి పోయి గేరు పండ్లు ఎండి కాలినాయి. చూడు, నీలం తిరిగినాయి."

భూపతి మొహం మాడిపోయింది. "మూసెయ్. అంతోని వస్తే మొద్దు అనే చెప్పాల."

"నేను చెప్పను."

"అట్లయితే రేపట్నించి పట్టరై గడప తొక్కొద్దు."

"పొద్దున్నే ఏంటికి సండ మీకి?" అంటూ తల్లి కర్పగం ఆ జగడం మధ్యనుంచి కాఫీ గ్లాసు తీసుకుపోయింది. ఆమె వెనకే అంతోని లోపలికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"అన్నా, పది దినాలుగా నన్ను నేనే తిట్టుకొంటుండాను. ఆ నీళ్లలో మొద్దులు ఎక్కడుండాయో నాకు తెలీదా? కన్ను మందగించినాదేమో. పడవని తమ్ముడికి ఇచ్చేద్దామని ఉండాను."

భూపతి మొహం తిప్పుకున్నాడు. సరణ్య ప్రొపెల్లరు తెచ్చి అంతోని చేతుల్లో పెట్టింది.

"మామా, మొద్దుకి కొట్టింటే ఈ రెక్క వంగదా? గీత గూడా లేదే."

"సరణ్యా, ఇంట్లోకి పో."

"పోను నైనా. బొట్టు పెట్టింది మనం. ఇంక ఆ మోటారు తప్పు కూడా మనదే. పట్టరై వద్దంటే నన్ను వెళ్లగొట్టు. ఇది బాగుచేసిందాకా స్పానరు మాత్రం కింద పెట్టను."

ఆమె చూపు దించలేదు. భూపతి ఆ పెట్టెమీది ఎర్ర బొట్టునే చూశాడు. పొరపాటు తనది, పదిరోజులుగా కుమిలిపోయింది ఇంకొకడు. ఆ సిగ్గు ముందు కోపం నిలవలేదు. వేలితో గ్రీజు తీసి అంతోనికి చూపించాడు.

"నీ కన్నుకి ఏం కాలేదయ్యా అంతోనీ. ఇది నా చేతి గ్రీజు." కళ్లనీళ్లు తుడుచుకోబోతే ఆ గ్రీజే చెంపకు అంటుకుంది.

అంతోని బరువంతా దిగినట్టు స్టూలుమీద కూలబడ్డాడు. "మొత్తం మార్చాల్నామ్మా?" అని అడిగింది భూపతిని కాదు, సరణ్యను.

"వద్దు మామా. రెండు గేర్లు, ఒక బేరింగు చాలు."

నాలుగో రోజు మదురై నుంచి సామాన్లు వచ్చాయి. కబురందుకుని అంతోనీ వచ్చాడు. సరణ్య అన్నీ బిగించి, కింది రంధ్రం గుండా ఆయిలు ఎక్కించింది. పై రంధ్రంలో కనబడేదాకా ఎక్కించాలని ఆమె చెబుతుంటే భూపతి పెట్టెను నిటారుగా పట్టుకొని విన్నాడు. తొట్టి నీళ్లలో దించి నడిపితే మోటారు సన్నగా, సుఖంగా పాడింది.

భూపతి తన పాత బొట్టును బ్లేడుతో గీకేశాడు. రంగు డబ్బా, కుంచె కూతురి ముందుకు జరిపాడు.

"చేసిన చెయ్యే పెట్టాల."

సరణ్య ఏడుస్తూనే పెట్టింది. బొట్టు వంకరగా వచ్చింది. భూపతి చూశాడు, దిద్దలేదు. "ఎత్తు అంతోనీ," అని మోటారుకు తానూ ఒక చెయ్యి వేశాడు.