మూగగంట

"ఇవాళ నూడుల్స్‌లో కారం మండిపోతోంది."

సోమ్లిత్ చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. చైనాలో కున్మింగ్‌లోని ఆ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో పూటకు వందమంది అనే మాటే అది. కానీ అన్నది లావో భాషలో. నాలుగేళ్లుగా అతను చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే.

"కాస్త వెనిగర్ పోసుకుంటే సరిపోతుంది," అన్నాడు తలెత్తకుండా.

కోడ్ కలిసింది. ఎదురుగా ట్రే పెట్టుకుని కూర్చుంది మలైవన్. నల్ల కళ్లద్దాలు, గోధుమరంగు పట్టు కోటు. చుట్టుపక్కల టేబుళ్ల కుర్రాళ్లంతా గిన్నెలు మరిచిపోయి చూస్తున్నారు. లావోస్ రాజధాని వియంటియాన్‌లోని గూఢచారి బ్యూరోలో ఆమె అతని పై అధికారి. ప్రస్తుతం లావోస్ నుంచి వచ్చిన ప్రతినిధి బృందానికి దుభాషి వేషంలో ఉంది.

"బాగా చిక్కిపోయావు తమ్ముడూ!"

"విద్యార్థి వేషం వెయ్యమన్నారు అక్కా. నిజంగా పాసవ్వాలని ఎవరూ చెప్పలేదు."

అందులో అతిశయోక్తి లేదు. చిప్ ల్యాబుల్లో విద్యార్థులకు వల వేసే నల్లపగడం ముఠాను కనిపెట్టమని బ్యూరో అతన్ని స్కాలర్‌షిప్ మీద ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్‌లో చేర్చింది. నల్లపగడం ఒక్కసారీ కనిపించలేదు. పరీక్షలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చాయి. ఫెయిలైతే స్కాలర్‌షిప్ పోతుంది, దాంతో వీసా, వీసాతో గూఢచారి! అందుకని చైనీస్‌లో సర్క్యూట్ థియరీ రుబ్బాడు. రుబ్బీ రుబ్బీ, ఎప్పుడో తెలియకుండానే ఆ చదువు మీద ప్రేమ పెంచుకున్నాడు. గూఢచారికి అంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

అతని ఫైనలియర్ ప్రాజెక్టు వరదగంట. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తితే నదిలో పెట్టిన సెన్సర్ పసిగట్టి, దిగువ ఊరిలో గంట మోగిస్తుంది. డెమో నెగ్గితే దాని సర్క్యూట్ బోర్డుకు సీలువేసి నేరుగా ఫ్యాక్టరీకి పంపుతారు. దాన్నే, చిప్‌తో సహా, నమూనాగా పెట్టుకుని లావోస్ నదీతీరం పొడవునా గంటలు బిగిస్తారు. ఆ ఊళ్లలో ఒకదాంట్లో, ఒడ్డునే, అతని సొంత అక్క బువాలీ ఇల్లుంది. ముగ్గురు పిల్లలు.

మలైవన్ చూయింగ్‌గమ్ ప్యాకెట్ అతని వైపు తోసింది. "ఇందులో చిప్ ఉంది. నీ బోర్డు మీద మెయిన్ చిప్ పీకేసి ఇది పెట్టు. నల్లపగడం నీ బోర్డు కొట్టెయ్యబోతోంది. ఇందులో ట్రాకర్ ఉంది, దొరికిపోతారు. పాత చిప్ నాకిచ్చెయ్."

"నా ప్రోగ్రాం..."

"అచ్చంగా అదే ఎక్కించాం. ఎల్లుండే కదా డెమో? కానియ్."

బ్యూరో చెప్పింది. సోమ్లిత్ ఆ సాయంత్రమే కొత్త చిప్ అతికించి, పాతది ఆమెకిచ్చేశాడు.

డెమో రోజు పొద్దున్న ల్యాబులో జూనియర్ ఛియావ్ అతని బోర్డు తుడుస్తోంది. ఆల్కహాల్‌లో ముంచిన దూదితో టంకం జిగురు తుడవడం, ఆ చేత్తోనే చిప్ మీద అక్షరాలు రుద్ది చూడడం ఆ ల్యాబులో అందరి చేతికీ పట్టుబడ్డ అలవాటు. బజారులో పాత చిప్‌లు అరగదీసి, కొత్తపేరు అచ్చేసి అమ్మేవాళ్లు కోకొల్లలు మరి.

"అన్నా, నిన్నెవరో నిలువునా ముంచారు!" దూది చూపించి పకపకా నవ్వింది ఛియావ్. తెల్ల అక్షరాలు దూదికి అంటుకొచ్చేశాయి. కింద ఇంకేదో నంబరు. "నాకు ఫస్టియర్‌లో నేర్పింది నువ్వే కదా, రుద్దకుండా ఏదీ అతికించొద్దని? ఎక్కడ కొన్నావు, బస్టాండులోనా?"

"మా ఊరివాళ్లిచ్చారు," అన్నాడు సోమ్లిత్. బోర్డు తన వైపు లాక్కున్నాడు.

ఆ నంబరు అతనికి తెలుసు. ట్రాకర్ కాదు, రేడియో రిసీవర్ కలిసిన చిప్. సెన్సర్‌ను బకెట్లో ముంచాడు. గంట ఖంగున మోగింది. రేడియో తరంగాలు పుట్టించే సిగ్నల్ జనరేటర్ పక్కన పెట్టి నాబ్ తిప్పుతూ పోయాడు. ఒకచోట గంట ఠక్కున ఆగిపోయింది. సెన్సర్ నీళ్లలోనే ఉంది. మళ్లీ ముంచాడు, కుదిపాడు. మోగలేదు.

ఎక్కడో కూర్చున్నవాడు మీట నొక్కితే తీరమంతా మూగబోతుంది. ఆ మీట ఎవరు కొనుక్కుంటే వాళ్లది.

టాయిలెట్‌లోకి వెళ్లి గడియ పెట్టాడు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి తొమ్మిది నొక్కిపట్టుకుంటే బ్యూరోకు లైను కలుస్తుంది.

"కల్నల్, మలైవన్ డబుల్ ఏజెంట్. ఇది గంట నోరు నొక్కే చిప్."

అవతల బ్యూరో అధిపతి కల్నల్ సీసవాత్ లైటర్ వెలిగించిన చప్పుడు. "తెలుసు."

"సార్?"

"చెప్పింది చెయ్యి సోమ్లిత్. ఇంజినీరు పట్టా తెచ్చుకో. హాయిగా బతుకు."

లైను తెగిపోయింది. సోమ్లిత్ అద్దంలో తన మొహం చూసుకున్నాడు. ఏడుపొచ్చింది. తను ఎవరి కోసం ఇన్నాళ్లూ ఈ వేషం కట్టాడో వాళ్లే అమ్ముడుపోయారు. చైనా పోలీసులకు చెబితే ముందు తనే గూఢచారిగా లోపలికెళ్తాడు. చిప్ మార్చుదామంటే పాతది మలైవన్ దగ్గరుంది, కొత్తది తెచ్చి ప్రోగ్రాం ఎక్కించే వ్యవధి లేదు. డెమో మానేస్తే అనుమానించి ఇంకొకడితో బోర్డు నడిపిస్తుంది. పోవాల్సింది ప్రాజెక్టే. కావాలని పాడుచేసినట్టు కాదు, చేతకాక పోగొట్టుకున్నట్టు కనిపించాలి.

ల్యాబుకొచ్చి సోల్డరింగ్ ఐరన్ తీసుకున్నాడు. ప్లస్సూ మైనస్సూ తారుమారై కరెంటు తిరగబడితే బోర్డును కాపాడే డయోడ్ ఒకటుంటుంది. దాని రెండు కాళ్ల మీదుగా ఒక చుక్క టంకం వేశాడు. ఇక కాపలా లేదు.

హాలు నిండింది. ముందు వరుసలో ప్రొఫెసర్లు, అతిథులు. వాళ్ల చెవిలో మలైవన్ తియ్యగా అనువదిస్తోంది. సీలువేసే పెట్టె మూత తెరిచి సిద్ధంగా ఉంది.

"మొదలుపెట్టు," అన్నాడు ప్రొఫెసర్ ఫాన్.

ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు మైనస్సుకు. నాలుగేళ్లలో అతను చేసిన ఒకే ఒక్క అందమైన పని ఆ బోర్డు. మలైవన్ కళ్లద్దాలు తీసి అతని చేతుల వైపు చూసింది. ఏదో అర్థమై లేవబోయింది. ఎర్రది నల్లదాని చోట, నల్లది ఎర్రదాని చోట తగిలించి స్విచ్ వేశాడు.

టప్! కెపాసిటర్ పేలింది. ఇంకోటి. వెనకే చిప్ చిట్లి పొగ లేచింది. ఘాటు వాసనకు అతిథులు ముక్కులు మూసుకున్నారు.

"ప్లస్సూ మైనస్సూ తెలియదా!" ప్రొఫెసర్ ఫాన్ మొహం కందిపోయింది. "ఫస్టియర్ పిల్లలు చేసే తప్పు! పో బయటికి!"

ప్రాజెక్టు రద్దయింది. అతను ఫెయిల్. స్కాలర్‌షిప్ పోయింది, వీసా నెలాఖరు దాకా.

ఆ ల్యాబులో కెపాసిటర్ పేల్చినవాడు అందరికీ మిల్క్ టీ పోయించాలి. సోమ్లిత్ పోయించాడు. ఛియావ్ కప్పు పట్టుకుంది కానీ తాగలేదు.

"నువ్వు క్లిప్పులు తారుమారు చేసే మనిషివి కాదన్నా," అంది మెల్లగా.

"తాగు, చల్లారిపోతుంది."

గేటు దగ్గర కారెక్కబోతున్న మలైవన్‌కూ ఒక కప్పు ఇచ్చాడు. ఆమె నవ్వలేదు. "వెధవా, ఇంకో ఊరిలో ఇంకో కుర్రాడు దొరకడా నాకు?"

దొరుకుతాడని అతనికీ తెలుసు.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు. వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"ఏరా, గంట ఎప్పుడు పెడతారు?" అంది బువాలీ.

"పెట్టరక్కా. గంట రాదు."

"అయ్యో. మరెలా?"

"నదిని చూస్తూ ఉండండి. నీళ్ల రంగు మారితే పిల్లల్ని తీసుకుని గుట్టెక్కెయ్యండి. ఎవరైనా గంట ఇస్తామన్నా నమ్మొద్దు."

అవతల బువాలీ గోల చేస్తున్న పిల్లల్ని గదమాయించింది.

"ఈ మాట చెప్పడానికేనట్రా, నాలుగేళ్లు చైనాలో చదివింది?"